బొక్క

మర్రిగూడ దిక్కు నుంచి పొద్దున తెచ్చిన
నలభై సీసాల బోరునీళ్ల పక్కన
పేరిందేవి మేడం ఐస్ డబ్బా దింపింది.
మూత తీస్తే పొగ. పొగ కింద సంచులు.
సంచుల్లో దక్షిణ ధ్రువపు పెంగ్విన్ల రెట్ట,
గులాబీ రంగుది.

"ఏం తింటే గిట్లయితది మేడం?"
"క్రిల్. మన రొయ్యపిల్లకు చుట్టం.
వేలెడంత కూడా ఉండదు."

పక్షిని పట్టి, కడుపులోకి గోరువెచ్చని నీళ్లు పంపి,
తిన్నది కక్కించి, జల్లెడ పట్టి,
కండ్లు లెక్కపెడతారట.
రెండు కండ్లకు ఒక క్రిల్.
గొంతులో దూదిపుల్ల తిప్పి జబ్బు వెతుకుతారట.
వేటకు పోయేముందు ఒకసారి, తిరిగొచ్చినంక ఒకసారి
తూకం వేస్తారట.

నేనైతే గడప గడపకూ తిరిగి అడుగుతా.
జొన్నరొట్టెనా, బువ్వనా?
దినాం ఎన్ని చెంబులు తాగుతవ్?
ఎవరి బోరు?
కక్కించేది లేదు, చెప్పిందే రాసుకునుడు.
నా పండ్ల మీది గోధుమ చారలు చూసి
నాతో అబద్ధం ఆడరు.

బట్లపల్లి సీసా కాడ ఆగిన అంకె
రెట్ట కలిపిన నీళ్లల్ల ఆగలేదు.
మీటరు చెడిందేమోనని కడ్డీ కడిగి, తుడిచి,
మళ్లా ముంచిన.
మళ్లా ఎక్కింది.
"ఆ పురుగు పెంకు నిండా ఫ్లోరైడే"
అన్నది మేడం, చేతి పని ఆపకుండానే.
"గుడ్డు పగిలిన కాడి నుంచి దానికి అదే తిండి."

చివరి సంచిలో, దూదిల చుట్టి,
చచ్చి దొరికిన ఒక పక్షి కాలు.
"మేడం, ఇండ్ల బొక్క ఉన్నది" అన్న.
ఆమె కంగారుగా సంచిని వెలుతురుకు ఎత్తి
చిల్లెక్కడ పడిందోనని చూసింది.
ఆమెది కాకినాడ.
మా తాన బొక్కంటే ఎముక.

కానీ ఆమె బొక్కా తప్పు కాదు.
మూడు వందల ఫీట్లు భూమికి బొక్క పొడిచినం.
అది మా బొక్కల్ల తేలింది.
ఇప్పుడు నల్లాలో కృష్ణమ్మ దిగుతున్నది, నిజమే.
ఎక్కింది మాత్రం దిగలే.

ఆ ఎముకను అరచేతిల పెట్టుకుని చూసిన.
తెల్లగ, గట్టిగ,
ఎక్కడా వంకర లేదు.
"ఎట్ల?"
"చాలామటుకు బయటికే పంపేస్తుంది.
మిగిలినదాన్ని ఎలా ఓర్చుకుంటుందో
మాకింకా పూర్తిగా తెలీదు."

అప్పుడే ఇద్దమ్మ వచ్చింది, మూత్రం సీసా కొంగులో దాచుకుని.
నేల తప్ప ఆకాశం చూడక పదేండ్లయింది ఆమె.
మేడం వంగి, ఫోన్ ఆమె కండ్ల కిందికి పట్టింది.
మంచు మీద వందల పక్షులు,
కుడికి ఒరిగి, ఎడమకు ఒరిగి, వరుసగ.
"ఓ యవ్వ, గది నా నడకనే!"
నవ్వింది. నవ్వు నడుముకు తగిలి
బల్ల అంచు పట్టుకున్నది.
జర్రసేపటికి,
"నొస్తదా దానికి?"
"నొప్పి ఉండదనుకుంటా పెద్దమ్మా."
"అనుకుంటవా, అడిగినవా?"

మేడం డబ్బా మూత పెట్టింది.
ఇద్దమ్మ పోతూ పోతూ గుమ్మంలో నిలబడి,
చింతపులుసు తాగితే జర పోతదంటరు బిడ్డా,
ఆ పిట్టకు కూడా చెప్పు, అన్నది.

సాయంత్రం రిజిస్టర్ నింపిన.
నలభై ఒకటి, ఇద్దమ్మ. ఊరు: శివన్నగూడ.
నీళ్లు: పాత బోరు, ఇప్పుడు నల్లా.
నొప్పి: ఉన్నది.
నలభై రెండు, పేరు లేదు.
ఊరు అన్నకాడ ఏం రాయాల్నో తోచక గీత గీసిన.
నీళ్లు: సముద్రం.
నొప్పి గడి కాడ పెన్ను ఆగింది.
పెన్సిల్ తీసుకున్న.